సమ్మెట దెబ్బ – నేల జవాబు

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవానికి ముందునాడు ఆవరణలో షామియానా వేస్తున్నారు. సాయపడడానికి వచ్చిన ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు చేతికందిన చిన్న సుత్తిని తలపైకెత్తి, శక్తికొద్దీ ఒక కొయ్యగుంజపై మోదసాగాడు. పది దెబ్బలకు గుంజ తల చీలి కుంచెవలె విచ్చుకున్నదే గాని, నేలలోకి నాలుగంగుళాలైనా దిగలేదు. షామియానా వేసే వృద్ధుడు చూచి నవ్వి, "బేటా, అంత పైకెత్తకు. బరువైనదాన్ని తీసుకొని కొంచెమే ఎత్తు" అన్నాడు. తన పెద్ద కొయ్య సమ్మెటను నడుమెత్తు దాటనీయకుండానే ఎనిమిది దెబ్బలలో మరొక గుంజను దింపివేశాడు.

ఆ వృద్ధుడు యంత్రశాస్త్రం చదువుకున్నవాడు కాడు. కాని ఆయన చెప్పిన ఆ ఒక్క మాటను 1845 లో జేమ్స్ నాస్మిత్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని నౌకానిర్మాణశాలలో అందరి ఎదుట నిరూపించవలసి వచ్చింది. నేను తెలుగు బోధించేవాడను. యంత్రాలను గురించి వ్రాయడం సాహసమే. అయితే మా పినతండ్రి, మేము చిచ్చా అని పిలిచే ఆయన, కోస్తా ప్రాంతంలో వంతెన పనులలో చాలాకాలం ఖలాసీగా పనిచేశాడు. బాల్యంలో ఆయన వెంట వెళ్ళి చూచిన పనియే ఈ వ్యాసానికి మూలం. మిగిలినది తరువాత చదివి తెలుసుకున్నాను.

నేలలోకి దిగగొట్టే పొడవైన గుంజను ఇంజనీర్లు 'పైలు' అంటారు. తెలుగులో దీనికి దగ్గరి మాట 'మేకు'. ఇది ఫార్సీ 'మేఖ్' నుండి వచ్చినదని ఉర్దూ చదివే మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. దక్కను పీఠభూమిలో చాలాచోట్ల కొద్ది లోతు త్రవ్వగానే రాయి తగులుతుంది; కనుక ఇక్కడివారికి పైలు దింపే దృశ్యం అంత పరిచితం కాదు. కృష్ణా గోదావరి డెల్టాలలోనో, సముద్రతీరపు కయ్యల వద్దనో పరిస్థితి వేరు. అక్కడ మెత్తని బంకమట్టి ఎన్నో అడుగుల లోతువరకు ఉంటుంది. ఆ మట్టిపై గోడ లేపితే గోడ క్రుంగుతుంది. పైలు ఆ మెత్తని పొరను దాటి క్రింది గట్టి పొరపై కాలు మోపుతుంది. గట్టి పొర అందకపోతే తన ఒంటి పొడవునా మట్టితో కలిగే ఘర్షణ వల్లనే బరువును మోస్తుంది. సాధారణంగా ఈ రెండూ కలిసి పనిచేస్తాయి.

ఈ ఉపాయం మిక్కిలి ప్రాచీనం. 1853-54 శీతకాలంలో స్విట్జర్లండులోని జ్యూరిక్ సరస్సు నీరు బాగా తగ్గినప్పుడు ఒడ్డున వరుసలు తీరిన కొయ్యగుంజలు బయటపడ్డాయి. అవి నవీన శిలాయుగపు ఇళ్ళ పునాదులని ఫెర్డినాండ్ కెల్లర్ గుర్తించాడు. క్రీ.పూ. 55 లో జూలియస్ సీజరు రైన్ నదిపై పది దినాలలో వంతెన కట్టించాడు. ఆ గుంజలను దిమ్మిసల వంటి సాధనాలతో, ప్రవాహపు ఒత్తిడికి ఓర్చుకొనే విధంగా ఏటవాలుగా దింపినట్లు తానే వ్రాసుకున్నాడు. వెనిస్ నగరం సంగతి లోకవిదితమే. అక్కడి రియాల్టో వంతెన 1588-91 నడుమ సుమారు 12,000 కొయ్య పైళ్ళపై లేచింది. నీటిలో పూర్తిగా మునిగి, గాలి సోకని కొయ్య వందల ఏండ్లయినా కుళ్ళదు. కాబట్టియే ఈ కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1648 లో ఆరంభించిన పురభవనం, నేటి రాజభవనం, క్రింద 13,659 పైళ్ళున్నాయి. ఈ సంఖ్యను గుర్తుంచుకొనడానికి డచ్చి పిల్లలు ఒక చిట్కా నేర్చుకుంటారు: సంవత్సరానికి 365 రోజులు, దాని ముందొక ఒకటి, వెనుకొక తొమ్మిది. మన చరిత్ర అధ్యాపకులు కూడా ఇటువంటి చిట్కాలు నాలుగు కనిపెడితే పరీక్షలలో విద్యార్థులకు మేలుగా ఉంటుంది.

ఇన్ని వేల పైళ్ళను దింపినది మనుష్యుల భుజబలమే. నిలువు చట్రం పైన ఒక గిలక, దానిపైగా ఒక మోకు, మోకు ఒక కొసకు బరువైన దిమ్మ, రెండవ కొస అనేక త్రాళ్ళుగా చీలి మనిషికొకటి. అందరూ ఒక్కసారి లాగి ఒక్కసారి వదలాలి. ఫ్రెంచి భాషలో ఈ సాధనం పేరు 'సొనెత్'. ఆ మాటకు చిన్న గంట అనే అర్థం కూడ కలదు. గంట కొట్టేవాడు త్రాడు లాగినట్లే వీరూ లాగేవారు గదా! వెనిస్ పనివారికి ఈ లాగుడుకు తగిన పాటలు ప్రత్యేకంగా ఉండేవి. మన రేవులలో బరువులు లాగేవారు 'హైలెస్సా' అనడంలోని రహస్యమూ ఇదే. పాట లేక యాభై చేతులు ఒక్క చేయి కాజాలవు. అయినా మనిషి ఎత్తగలిగే ఎత్తు తన చేతుల నిడివి మేరకే. ఇరవై ముప్పై దెబ్బలకొకసారి అందరూ ఆగి ఊపిరి తీసుకోవలసిందే.

ఈ పరిమితిని దాటడానికి చేసిన ప్రయత్నాలలో లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన కోసం జేమ్స్ వాలూ అనే గడియారాల పనివాడు రూపొందించిన యంత్రం ముచ్చటైనది. గుర్రాలు గానుగ చుట్టూ ఎద్దువలె తిరుగుతూ ఉంటే మోకు చుట్టుకొని దిమ్మ పైకి లేస్తుంది. చట్రం కొనకు చేరగానే దిమ్మను పట్టుకున్న పటకారు తనంతట తాను విచ్చుకొని దాన్ని వదలివేస్తుంది. అంత బరువు ఒక్కసారి తప్పిపోతే లాగుతున్న గుర్రాలు ముందుకు తూలిపడవా? ఆ ప్రమాదం లేకుండా వాలూ ఒక విసురు చక్రాన్ని కూడా అమర్చాడు. 1738 లో రాయల్ సొసైటీ వారు తమ కాప్లీ పతకాన్ని ఆయనకు ఇచ్చారు. విద్యుత్తుపైన, కాంతిపైన పరిశోధించిన మహామహులకు ఇచ్చిన పతకం గుంజలు దింపే యంత్రానికి దక్కడం విశేషం.

అయితే గుర్రాలు వచ్చినా, తరువాత ఆవిరి వచ్చినా, చాలాకాలం అందరి ఆలోచన ఒకటే: దిమ్మను ఇంకా పైకెత్తాలి, ఇంకా పైనుండి పడవేయాలి. నాస్మిత్ ఈ ఆలోచననే తప్పు పట్టాడు. 1839 లో ఆయన ఒక పెద్ద ఓడ ఇరుసును సాగగొట్టడానికి ఆవిరి సమ్మెటను ఊహించి చిత్రించాడు. దానినే తరువాత పైళ్ళకు అనువుగా మార్చాడు. పాత పద్ధతిలో తేలికైన దిమ్మ అతివేగంగా వచ్చి తగులుతుంది. ఇది ఫిరంగి గుండు వంటిది. తాకినదాన్ని పగులగొడుతుందే గాని ముందుకు నెట్టదు. ఆయన యంత్రంలో నాలుగు టన్నుల దిమ్మ మూడడుగుల ఎత్తు నుండి మాత్రమే పడుతుంది; కాని నిమిషానికి 80 సార్లు పడుతుంది. పైగా ఆ యంత్రం పైలు భుజాలపైనే కూర్చొని దానితోపాటు క్రిందికి దిగుతుంది. 1845 జూలైలో డెవన్‌పోర్ట్ నౌకానిర్మాణశాలలో 70 అడుగుల పొడవు, 18 అంగుళాల చదరం గల రెండు సమానమైన పైళ్ళను ప్రక్కప్రక్కన నిలిపి పందెం పెట్టారు. నాస్మిత్ యంత్రం తన పైలును నాలుగున్నర నిమిషాలలో దింపింది. పాత పద్ధతివారికి 12 గంటలు పట్టింది.

ఈ వ్యత్యాసానికి కారణం దెబ్బలు త్వరత్వరగా పడడం మాత్రమే కాదు. విద్యార్థులు కాగితం, కలం తీసుకొని ఈ చిన్న లెక్క చేయవలెనని కోరుతున్నాను. 1,000 కిలోల పైలు ఉన్నదనుకొందాం. 400 కిలోల దిమ్మను 5 మీటర్ల నుండి వదలితే దాని శక్తి 2,000 కిలోగ్రాము-మీటర్లు. 2,000 కిలోల దిమ్మను 1 మీటరు నుండి వదలినా శక్తి అంతే. కూలి సమానం, బొగ్గు సమానం. కాని పని సమానమా?

పడుతున్న దిమ్మ పైలును తాకి, రెండూ కలిసి క్రిందికి కదులుతాయనుకుంటే, తాకిడిలో ద్రవ్యవేగం నిలుస్తుంది, శక్తి నిలువదు. మిగిలే శక్తి ఎంత అంటే, దిమ్మ బరువును, దిమ్మ పైలు రెండింటి మొత్తం బరువుతో భాగించగా వచ్చే వంతు. మొదటి సందర్భంలో 400 ని 1,400 తో భాగించాలి. మిగిలేది సుమారు 571 కిలోగ్రాము-మీటర్లు. రెండవ సందర్భంలో 2,000 ని 3,000 తో భాగించాలి. మిగిలేది సుమారు 1,333. అనగా ఒకే ఖర్చుకు రెట్టింపు కన్న ఎక్కువ ఫలం. మొదటి దెబ్బలో పోయిన శక్తి ఎక్కడికి పోయింది? పైలు తలను చీల్చడానికి, వేడిగా మారడానికి, శబ్దానికి. మన విద్యార్థి కొట్టిన గుంజ తలను చూచినవారికి దీనికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

మరొక సంగతి. 5 మీటర్ల నుండి పడిన దిమ్మ సెకనుకు 9.9 మీటర్ల వేగంతోను, 1 మీటరు నుండి పడినది 4.43 మీటర్ల వేగంతోను తాకుతాయి. తాకిన క్షణాన పైలు తలలో పుట్టే ప్రతిబలం దిమ్మ బరువును బట్టి కాక, ఈ వేగాన్ని బట్టి ఉంటుంది. నడుమ మెత్త ఏదీ లేకుండా గట్టి దిమ్మ ఉక్కు పైలును తాకితే, సెకనుకు ఒక్క మీటరు వేగానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 40 న్యూటన్ల చొప్పున ప్రతిబలం పుడుతుంది. ఈ లెక్కన బరువైన దిమ్మ 177, తేలికైన దిమ్మ 396 న్యూటన్లు పుట్టిస్తాయి. సాధారణ నిర్మాణపు ఉక్కు 250 దగ్గరనే శాశ్వతంగా సాగిపోతుంది. ఒకటి పైలును దింపుతుంది, రెండవది నలుగగొడుతుంది. దిమ్మకు పైలుకు నడుమ ఇనుప టోపీ, దానిలో కొయ్యమెత్త పెట్టడం ఈ తాకిడిని కొంత సాగదీసి మందగింపజేయడానికే. ఆ కొయ్యమెత్త అరిగి నల్లబడగానే మార్చాలని చిచ్చా పోరుపెట్టేవాడు. రెండు రూపాయల చెక్క కోసం రెండువేల రూపాయల పైలును పోగొట్టుకొనేవారిని చూచి ఆయనకు కోపం వచ్చేది.

నాస్మిత్ మార్గం తరువాత రాజమార్గమైనది. న్యూకాజిల్‌లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ 1846-49 నడుమ కట్టిన హైలెవెల్ వంతెన పైళ్ళను ఆ యంత్రమే దింపింది. అమెరికాలో షికాగోలోని వల్కన్ సంస్థ తయారుచేసిన మొదటి నంబరు సమ్మెట చాలాకాలం అక్కడి కొలబద్దగా నిలిచింది. దాని దిమ్మ 5,000 పౌనులు, ఎత్తు 3 అడుగులు, శక్తి 15,000 అడుగు-పౌనులు.

ఇంతవరకు చెప్పినది దెబ్బను గురించి. దెబ్బకు నేల ఏమి జవాబిస్తుందన్నది అంతకంటె క్లిష్టమైన ప్రశ్న. పైలును దింపడం కాదు ప్రయోజనం. అది ఎంత బరువు మోయగలదో తెలియడం. పైలు క్రింది కొన ఎవరికీ కనబడదు. పైనున్నవారికి దొరికే సాక్ష్యం ఒక్కటే: ఆ దెబ్బకు పైలు ఎంత దిగింది? తక్కువ దిగితే నేల గట్టిగా అడ్డుకుంటున్నదని అర్థం.

ఈ సాక్ష్యాన్ని లెక్కలోకి దించిన సూత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1888 లో 'ఇంజనీరింగ్ న్యూస్' పత్రికలో ఎ. ఎమ్. వెల్లింగ్టన్ ప్రకటించినది. దిమ్మ బరువును అడుగులలోని ఎత్తుతో గుణించి, రెట్టింపు చేసి, చివరి దెబ్బలకు పైలు దిగిన అంగుళాలకు ఒకటి కలిపి దానితో భాగించాలి. వచ్చినదే పైలుపై నిర్భయంగా ఉంచగల బరువు. ఒక టన్ను దిమ్మ, 10 అడుగుల ఎత్తు, దెబ్బకు ఒక అంగుళం దిగుడు అయితే జవాబు 10 టన్నులు. రెట్టింపు చేయడం ఎందుకని అడిగే తెలివైన విద్యార్థి ఉండవచ్చు. అడుగులను అంగుళాలు చేయడానికి 12 తో గుణించి, భద్రత కొరకు 6 తో భాగిస్తే మిగిలేది రెండు. కలిపిన ఆ ఒక అంగుళం మాత్రం నష్టపోయే శక్తికి కట్టిన ఉజ్జాయింపు.

ఈ సూత్రం జేబులో పట్టేంత చిన్నది. అదే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం. ఇందులో పైలు బరువు లేనే లేదు! పైన మనం చేసిన లెక్కలో ఫలితాన్నంతా మార్చినది ఆ బరువే గదా. కొయ్య పైళ్ళకు కట్టిన సూత్రాన్ని తరువాతివారు బరువైన కాంక్రీటు పైళ్ళకు కూడ వాడారు. భద్రత ఆరు రెట్లు అని వ్రాసుకున్నారే గాని, నిజంగా బరువులెత్తి పరీక్షిస్తే కొన్నిచోట్ల ఆరుకు మించి, కొన్నిచోట్ల ఆరు మాట అటుంచి చాలా తక్కువగా తేలింది.

చిచ్చా పనిచేసిన ఒక చిన్న కయ్య వంతెన వద్ద జరిగిన ఉదంతం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఆ పని ఎక్కడిది, ఎవరిది అన్నది అప్రస్తుతం. వరుసలోని పైళ్ళన్నీ 14 మీటర్ల వరకు దిగాయి. ఒకటి మాత్రం 6 మీటర్ల వద్దనే మొరాయించింది. పది దెబ్బలకు వ్రేలెడు కూడ దిగలేదు. సూత్రం ప్రకారం అది అన్నిటికంటె గట్టి పైలు. మేస్త్రీ సంతోషించి, పుస్తకంలో 'ఉత్తీర్ణం' అని వ్రాయించి, తల కోయించబోయాడు. చిచ్చా అడ్డుపడ్డాడు. అక్కడి పని పద్ధతి ఇది: పైలుకు గళ్ళ కాగితం అంటించి, కదలని ఒక బద్దకు పెన్సిలును ఆనించి, దెబ్బ పడుతున్నప్పుడు అడ్డంగా గీత లాగుతారు. పైలు ఎంత దిగిందో, ఎంత పైకి తిరిగి లేచిందో ఆ గీతలో తెలుస్తుంది. మిగిలిన పైళ్ళ గీతలు మెట్లవలె దిగుతున్నాయి. ఈ పైలు గీత మాత్రం క్రిందికి దూకి మళ్ళీ పైకి లేస్తున్నది. "సాబ్, ఇది నిలబడలేదు, ఎగురుతున్నది" అని ఆయన యువ ఇంజనీరుతో అన్నాడట. ఆ ఇంజనీరు బుద్ధిమంతుడు. ప్రక్కన బోరు వేయించి చూస్తే ఎప్పుడో పూడిపోయిన పాత గట్టు రాళ్ళు తేలాయి. వాటి క్రింద మళ్ళీ అదే బంకమట్టి. పైలును అక్కడినుండి జరిపి వేరొకచోట 14 మీటర్లకు దింపారు. ఆ గళ్ళ కాగితాన్ని చిచ్చా చాలాకాలం తన పెట్టెలో దాచుకున్నాడు.

పైలు ఎగరడానికి కారణం దానిలోపల నడిచే తరంగం. పైలును మనం ఒకే ముద్దగా లెక్కించాము. నిజానికి అది అటువంటిది కాదు. తలపై పడిన దెబ్బ క్రింది కొనకు తెలియడానికి కాలం పడుతుంది. కాంక్రీటులో ఈ వార్త సెకనుకు సుమారు 4,000 మీటర్ల వేగంతో నడుస్తుంది. 20 మీటర్ల పైలులో క్రిందికి పోయి తిరిగి పైకి రావడానికి సెకనులో నూరవ వంతు. క్రింది కొనవద్ద గట్టి నేల ఉంటే నొక్కుడు తరంగం నొక్కుడుగానే తిరిగి వస్తుంది. మెత్తని నేల ఉంటే మాత్రం అది తారుమారై, లాగుడు తరంగంగా తిరిగి వస్తుంది. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చినంతగా లాగుడుకు ఓర్వదు; దాని లాగుడు బలం నొక్కుడు బలంలో సుమారు పదవ వంతు. కనుక పైలు సులభంగా దిగిపోతున్న ప్రారంభ దశలోనే, అందరూ ఉత్సాహంగా ఉన్నప్పుడే, దాని నడుమ అడ్డంగా పగుళ్ళు పడే అవకాశం ఉన్నది! మెత్తని నేలలో దిమ్మ ఎత్తును తగ్గించమనడం ఇందుకే. 1931 లో ఆస్ట్రేలియాలో ఐజాక్స్, 1938 లో బ్రిటనులో గ్లాన్‌విల్ బృందం ఈ తరంగ వ్యాపారాన్ని పరిశోధించారు. కాని చేతితో లెక్కించడం దుర్భరం. రేమండ్ కంపెనీకి చెందిన ఇ. ఎ. ఎల్. స్మిత్ అనే అమెరికను ఇంజనీరు పైలును చిన్నచిన్న ముక్కలుగా, ముక్కల నడుమ స్ప్రింగులుగా ఊహించి, కంప్యూటరుకు అప్పగించే పద్ధతిని 1960 లో సమగ్రంగా ప్రకటించాడు. ఇంజనీరింగులో కంప్యూటరును పనికి పెట్టిన తొలి ఉదాహరణలలో ఇదొకటి. 1964 నుండి అమెరికాలో కేస్ విద్యాసంస్థలో గోబుల్ బృందం పైలు తలవద్దనే పరికరాలు బిగించి ఆ తరంగాన్ని కొలిచే మార్గాన్ని అభివృద్ధి చేసింది.

నేల జవాబు కూడ ఒకే రోజున పూర్తికాదు. బంకమట్టిలో పైలు దిగుతున్నప్పుడు చుట్టూ ఉన్న మట్టిలోని నీరు ఒత్తిడికి గురియై మట్టి పట్టు సడలుతుంది. కొన్ని రోజులు విశ్రాంతినిస్తే నీరు మెల్లగా తప్పుకొని మట్టి పైలును బిగించి పట్టుకుంటుంది. నిన్న సులభంగా దిగిన పైలు వారం తరువాత కదలనని భీష్మిస్తుంది. దట్టమైన సన్నని ఇసుకలో కొన్నిచోట్ల దీనికి విరుద్ధంగా, నిన్న గట్టిగా ఉన్నది నేడు సడలవచ్చును. అందుకే వివేకవంతులు కొన్ని రోజులాగి మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టి చూస్తారు.

తరువాత వచ్చిన యంత్రాలను గురించి క్లుప్తంగా చెబుతాను. 1930 ప్రాంతపు దశాబ్దంలో జర్మనీలో డీజిల్ సమ్మెట రూపొందింది. పడే దిమ్మయే గాలిని నొక్కి ఇంధనాన్ని మండించుకొని తిరిగి ఎగురుతుంది. దీనిలోని చమత్కారం ఏమంటే, నేల మరీ మెత్తనైనప్పుడు పైలు జారిపోయి దిమ్మ మళ్ళీ చాలినంత ఎత్తుకు ఎగరదు, యంత్రం ఆగిపోతుంది. నేల అడ్డుకుంటేనే అది నడుస్తుంది. సోవియట్ యూనియన్‌లో బర్కాన్ వంటివారు 1940 ల చివర పైలును కంపింపజేసి దింపే పద్ధతిని పెంపొందించారు. కంపానికి ఇసుక సులభంగా దారి ఇస్తుంది, బంకమట్టి అంతగా ఇవ్వదు. జపానులోని కోచిలో 1975 లో తయారైన గికెన్ యంత్రం దెబ్బే కొట్టదు; ఇదివరకే దిగిన పైళ్ళను పట్టుకొని, వాటి బలంతో కొత్త పైలును నిశ్శబ్దంగా లోనికి నొక్కుతుంది. ఆసుపత్రుల ప్రక్కన, పాఠశాలల ప్రక్కన దీని విలువ తెలుస్తుంది.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో బరువు రాళ్ళకు కొరత లేదు. ఒక బకెట్టు తడి ఇసుక, 250 గ్రాముల మొద్దు కర్ర ఒకటి, నిలువుగా పట్టుకొనడానికి ఒక గొట్టం సిద్ధం చేసుకొనండి. 100 గ్రాముల బరువును 50 సెంటీమీటర్ల నుండి ఇరవై సార్లు, తరువాత ఇసుక మళ్ళీ సర్ది 500 గ్రాములను 10 సెంటీమీటర్ల నుండి ఇరవై సార్లు వదలండి. ప్రతి దెబ్బకు కర్ర ఎంత దిగినదీ గళ్ళ కాగితంపై గుర్తించండి. పైన వేసిన లెక్కలోని నిష్పత్తులే ఇవి. దెబ్బకు దెబ్బకు నడుమ ఇసుకను కదపకుండా ఉంటే చాలు.